మాటను మోసినవాడు



ఈ నెల ధ్యానమును మేమొక ఒప్పుకోలుతో ఆరంభింపవలసి యున్నది. గత పసుపు తవ్వకముల దినములలో మా సంఘపు వాట్సాప్ గ్రూపునకు మేమొక కబురు పంపితిమి. గల్ఫు దేశములో ఒక కంపెనీలో పనులున్నవనియు, జీతము మంచిదనియు, ముందుగా కొంత రుసుము ఫోను ద్వారా కట్టినవారికి వీసా వచ్చుననియు అందులో వ్రాయబడి యుండెను. అది మేము వ్రాసినది కాదు. పరిచయస్థుడైన ఒక సేవకుడు మాకు పంపెను. ఆయనకు మరియొకరు పంపిరి. ఆ దినమున మూడు పల్లెలలో కూటములుండెను. బోధనునుండి బస్సులో తిరిగి వచ్చుచు, దానిని పూర్తిగా చదువకయే, మన యౌవనస్థులకు మేలు కలుగునని తలంచి, వ్రేలితో ఒక్కసారి నొక్కితిమి. అంతే.

మా సంఘములో ఒక కుటుంబము కలదు. తండ్రి శక్కర్‌నగరులోని చక్కెర ఫ్యాక్టరీలో పని చేసినవాడు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడిన పిమ్మట కూలి చేసి ఇల్లు గడుపుచున్నాడు. ఆయన కుమారుడు ఆ కబురు చూచి, ఇంటనున్న ఒక్క పాడి బర్రెను అమ్మించి, 18,000 రూపాయలు ఆ నంబరునకు పంపెను. మరునాటినుండి ఆ ఫోను పలుకలేదు.

సంగతి తెలిసి మేము వారి యింటికి పోయినప్పుడు తల్లి మమ్మును నిందింపలేదు. మంచము వాల్చి, మంచినీళ్లిచ్చి, ఒక్క మాట మాత్రము చెప్పెను: “అయ్యగారూ, మీ ఫోన్ల నుంచి వచ్చింది గద, గందుకే నమ్మినం.”

ప్రియులారా, ఆ మాట మమ్మును నేటికిని విడువలేదు. అందుచేత ఈ ప్రశ్నను మీ యెదుట పెట్టుచున్నాము: ఇతరుడు పుట్టించిన మాటను మోసినవాడు ఆ మాటకు జవాబుదారియా, కాడా?

కాడని చెప్పువారు కలరు. పోస్టుమాను ఉత్తరము తెచ్చియిచ్చును; అందులో అబద్ధమున్న యెడల దోషము పోస్టుమానుదా అని వారడుగుదురు. ఆ రాత్రి మేమును ఈ తర్కముతోనే మమ్మును మేము ఓదార్చుకొన జూచితిమి. నిద్ర పట్టలేదు. అందుచేత మాట పూర్వము ఎట్లు ప్రయాణము చేసెనో, ఇప్పుడెట్లు చేయుచున్నదో విచారింప మొదలిడితిమి.

పూర్వము మన పల్లెలలో డప్పు చాటింపు ఉండెను. చాటువాడు డప్పు కొట్టి, ఇది ఫలాని వారి మాట అని చెప్పి, పిమ్మట సంగతి చెప్పెడివాడు. ఊరివారందరును అతని మొగమెరుగుదురు. తప్పు చాటిన యెడల మరునాడు అదే వీధిలో నడువవలసినవాడు. ఉత్తరమునకు సంతకముండెను. తంతికి మాటల లెక్కన పైకము కట్టవలసి యుండెను గనుక ప్రతి మాటను తూచి వ్రాసెడివారు. ఆ తంతి సేవ మన దేశములో 2013 జూలైలో ముగిసెను.

ఇప్పటి దారి వేరు. 1969 అక్టోబరు 29న అమెరికాలోని కాలిఫోర్నియాలో, దూరదూరముగా నున్న రెండు కంప్యూటర్లను కలిపి మొదటి కబురు పంప యత్నించిరి. పంపదలచినది ‘లాగిన్’ అను చిన్న మాట. ఆంగ్లములో దాని మొదటి రెండక్షరములు చేరగానే యంత్రము నిలిచిపోయెను. కొంతసేపటికి మరల యత్నించి సాధించిరి. అటుతరువాత 1983 జనవరి 1 నుండి ఆ జాలము ఒక ఉమ్మడి నియమావళికి మారెను. ఆ నియమములచేత వేర్వేరు జాలములు ఒకదానితో నొకటి మాటలాడ నేర్చెను. దానినే మనము ఇంటర్నెట్ అనుచున్నాము.

అది పనిచేయు విధము బోధను రైతులకు చెప్పుట సులభము. ఫ్యాక్టరీ నడచిన దినములలో ఒక తోట చెరకంతయు ఒకే బండిలో పోలేదు. కట్టలు కట్టి అనేక బండ్లకెత్తిరి. ఒక బండి ఒక దారిని, మరియొక బండి మరియొక దారిని పోయినను, అన్నియు ఒకే కాటాకు చేరెను. అట్లే మన కబురు చిన్న చిన్న ముక్కలుగా కోయబడును. ప్రతి ముక్కమీద పోవలసిన చిరునామాయు వరుస సంఖ్యయు ఉండును. అవి వేర్వేరు దారుల పోయినను, అవతలి ఫోనులో మరల వరుసగా కూర్చబడును. ఇది ఆశ్చర్యకరమైన యేర్పాటే. అయితే ఒక సంగతి గమనింపుడి. దారిలోని యంత్రము చిరునామాను చూచునే గాని మాటలోని సత్యమును విచారింపదు. బండి బరువెంతో కాటాకు తెలియును. ఆ చెరకు ఎవని తోటలో దొంగిలింపబడెనో కాటాకు తెలియదు.

ఈ దారులమీదనే వెబ్ అను పుటల లోకము లేచెను. జెనీవా సమీపమున సెర్న్ అను విజ్ఞాన పరిశోధనాలయములో పనిచేసిన టిమ్ బెర్నర్స్ లీ 1989లో దానిని ప్రతిపాదించెను. 1991లో అది లోకమునకు తెరువబడెను. 1993 ఏప్రిల్ 30న, ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని ఆ సంస్థ ప్రకటించెను. మన దేశపు సామాన్య ప్రజలకు 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ సేవ ఆరంభమాయెను. తొలి దినములలో వ్రాయువారు కొందరు, చదువువారు అనేకులు. 2000 సంవత్సరము దాటిన పిమ్మట చదువువారే వ్రాయువారైరి. 2009లో వాట్సాప్ వచ్చెను. తరువాత అరచేతి ఫోనులతో అది మన గుడిసెలలోనికిని ప్రవేశించెను. ఇప్పుడైతే మనుష్యుడు పలుకని మాటను, తీయని ఫోటోను సయితము యంత్రమే కల్పింపగలుగుచున్నది.

దీనివలన మాకు తేటపడినదేమనగా, మనము పోస్టుమానులము కాము. పోస్టుమాను అంటించిన ఉత్తరమును విప్పరాదు. ఏ యింటికి ఇయ్యవలెనో తానెంచుకొనడు. మనమైతే విప్పుదుము, చూతుము, ఎవరికి పంపవలెనో ఎంచుకొందుము, పైగా మన పేరును దానికి జతచేయుదుము. ఆ తల్లి కంపెనీని నమ్మలేదు. ఆ కంపెనీ పేరైనను ఆమె ఎరుగదు. ఆమె నమ్మినది తన బిడ్డలకు బాప్తిస్మమిచ్చిన చేతిని. మేము పంపినది కబురు మాత్రమే కాదు, ఆ నమ్మకమును కూడ పంపితిమి. అది మా సొంత ఆస్తి కాదు. సంఘము మా చేతికి అప్పగించినది.

నిర్గమకాండము 23వ అధ్యాయము మొదటి వచనము చదువుడి. లేని వార్తను గూర్చి హెచ్చరించిన వెంటనే, దుష్టునితో కలియుటను గూర్చి కూడ ధర్మశాస్త్రము హెచ్చరించుచున్నది. అబద్ధము పుట్టించినవాడు ఎక్కడనో కూర్చుండి యుండెను. వాని చేయి బోధను పల్లెవరకు చాలదు. మా చేయి కలిసినందుననే అది ఆ యింటి గుమ్మము చేరెను.

2018 మే నెలలో మన తెలంగాణలో జరిగినది మీరు మరచి యుండరు. పిల్లలనెత్తుకుపోవు ముఠాలు తిరుగుచున్నవని ఫోనులలో కబుర్లు వ్యాపించెను. బెదరిన జనులు దారిన పోవు అపరిచితులను పట్టి కొట్టిరి, ప్రాణములును పోయెను. ఆ కబురు పంపినవారిలో అనేకులు తమ బిడ్డలను ప్రేమించిన తల్లిదండ్రులే. అప్పుడు గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి గారు పోలీసులను పల్లెలకు పంపి, డప్పు పాటల ద్వారాను అది అబద్ధమని జనులకు తెలియజేయించిరి. ఫోను చెరిపినదానిని డప్పు చక్కదిద్దవలసి వచ్చెను! ఆ సంవత్సరము జూలైలో వాట్సాప్ వారు మన దేశములో ఒక కబురును ఒక్కసారికి అయిదు చోట్లకు మించి పంపకుండ హద్దు పెట్టిరి. అయితే మేము పంపినది ఒక్క చోటికే. ఆ హద్దు మమ్మును ఆపియుండదు. మనస్సాక్షి పని యంత్రము చేయజాలదు.

ఇట్లనుటచేత ఈ సాధనమును ద్వేషింపుమని చెప్పుటలేదు. గల్ఫులో ఎండకు పనిచేయు తండ్రి రాత్రివేళ తన పసిబిడ్డ నవ్వు చూచుచున్నాడు. అది దేవుని దయయే. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అను జాతీయ మార్కెట్ ఏర్పాటు మొదలైనప్పుడు, తొలుత చేరిన 21 మార్కెట్లలో మన నిజామాబాద్ మార్కెట్టు ఒకటి. సరకు నాణ్యమును పరీక్షించుట ఆ యేర్పాటులో ఒక భాగము. పసుపు కొమ్మునకున్న పరీక్ష మాటకు అక్కరలేదా?

అయితే ఒక సంఘ పెద్ద మమ్మునిట్లడిగెను: “అయ్యగారూ, ప్రతిదానిని పరీక్షించుచు కూర్చున్న యెడల మేలైన కబురు కూడ ఆగిపోవును గదా? ఆపదలోనున్నవానికి రక్తము కావలెనని వచ్చిన కబురును ఆపవచ్చునా?” ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు రెండవ రాజుల గ్రంథము 7వ అధ్యాయములో మాకు దొరికెను.

షోమ్రోను పట్టణము ముట్టడిలో ఆకలితో మాడుచుండగా నలుగురు కుష్ఠరోగులు శత్రువుల దండునకు పోయి, అది విడువబడి యుండుట చూచిరి. తిని త్రాగిన పిమ్మట, ఈ శుభవార్తను దాచుట తప్పని యెంచి, ఆ రాత్రియే ద్వారపాలకులకు చెప్పిరి. డిచ్‌పల్లిలో 1915లో కెర్ దొరసానిగారు ఆరంభించిన కుష్ఠరోగుల ఆస్పత్రి చరిత్ర తెలిసిన మన ప్రాంతమువారు ఈ కథను తేలికగా చదువజాలరు. ఊరు బయటికి త్రోసిన వారే ఊరిని బ్రదికించిరి. అయితే గమనింపుడి: వారు విన్నది చెప్పలేదు, కన్నది చెప్పిరి. రాజు వారి మాటను త్రోసివేయలేదు, గ్రుడ్డిగా నమ్మనులేదు. మనుష్యులను పంపి యొర్దానువరకు దారి చూపించెను. అది నిజమని తేలిన పిమ్మటనే జనులు బయలుదేరిరి. ఆకలితో చచ్చుచున్న పట్టణమే ఆ మాత్రము ఆగగలిగిన యెడల, బస్సులో కూర్చున్న మేము ఒక్క గడియ ఆగలేమా? రక్తము కావలెనను కబురు వచ్చిన యెడల, అందులోని నంబరునకు ఒక్కసారి ఫోను చేయుడి. అంత చేయుట ప్రేమకు ఆటంకము కాదు, అదియే ప్రేమ.

గల్ఫు పనుల సంగతి కూడ చెప్పవలెను. 1983 నాటి వలసల చట్టము ప్రకారము మనుష్యులను పని నిమిత్తము విదేశమునకు పంపు ఏజెంటు కేంద్ర ప్రభుత్వము వద్ద నమోదై యుండవలెను. ఆ జాబితా ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ పుటలో కలదు. అందులో పేరు చూడక ఒక్క రూపాయియు కట్టకుడి. ఎవరైనను ఇట్లు మోసపోయిన యెడల సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయుడి. ఆలస్యమైన కొలది సొమ్ము దూరమగును. మా యౌవనస్థుడు సిగ్గుచేత పండ్రెండు దినములు ఎవరికిని చెప్పలేదు.

మేము చేసినది చెప్పి ముగించెదము. ఆ మరుసటి ఆదివారమున సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొంటిమి. అదే గ్రూపులో అది అబద్ధమని వ్రాసితిమి. అయితే మా గ్రూపునుండి ఆ కబురు ఏయే ఊళ్లకు పోయెనో మేమెరుగము. మా దిద్దుబాటు ఆ ఊళ్లకు పోలేదు. బర్రె సొమ్ములో కొంత మా జీతమునుండి ఇచ్చుచున్నాము. ఆ తండ్రి మొదట వద్దనెను. పిమ్మట తలవంచుకొని పుచ్చుకొనెను. సొమ్ము తీరును. మా పేరుమీద ఆ యింటివారికుండిన నమ్మకము ఎన్నడు తీరునో ప్రభువుకే యెరుక.

ఇప్పుడు ఏదైనను పంపబోవునప్పుడు మమ్మును మేము మూడు ప్రశ్నలడుగుకొనుచున్నాము. దీనిని మొదట చెప్పినది ఎవరు? ఇది నిజమని మేమెట్లు ఎరుగుదుము? ఇది అబద్ధమైన యెడల నష్టపోవునది ఎవరు? మూడవ ప్రశ్నకు జవాబుగా ఆ గుడిసెయు, ఖాళీ కొట్టమును కన్నుల ఎదుట నిలుచును. వ్రేలు ఆగును.

దావీదు తన నోటికి కావలియుంచుమని ప్రార్థించెను. మనము మన వ్రేళ్లకును కావలి వేడుకొందము. సత్యస్వరూపియగు ప్రభువు మన సంఘములలో ఒకని మాటను మరియొకడు నిర్భయముగా నమ్మగల దినములను దయచేయును గాక. ఆమేన్.