కొండ పైనా, కొండ లోపలా

చంద్రపూర్ దగ్గరి బొగ్గు గనుల్లో నా ఉద్యోగమంతా గడిచింది. మనవాళ్లకు దేవుడంటే మెట్లెక్కి చేరేవాడు: తిరుమల, యాదగిరిగుట్ట. నాకూ ఎక్కడం ఇష్టం. సెలవు దొరికితే గడ్‌చాందూర్ మీదుగా మాణిక్‌గఢ్ కోట కొండకు పోయేవాణ్ణి.

చంద్రపూర్ జిల్లా భద్రావతిలోని విజాసన్ గుహలు వేరే ప్రశ్న వేశాయి: పవిత్రత ఎత్తులోనే ఉంటుందా? అక్కడి బౌద్ధులు కొండను తొలుచుకుని లోపలికి వెళ్లారు. పొడవాటి సొరంగం చివర, అదే రాతిలో మలిచిన బుద్ధుడు. ఆ చీకటి మా గనివాళ్లకు పరిచయమే. కప్పును కర్రతో తట్టి, శబ్దం విని గానీ అడుగు వెయ్యం. శిఖరం మీద లోకమంతా కనిపిస్తుంది. లోపల చూడ్డానికి మనసు తప్ప ఏమీ ఉండదు. ధ్యానానికి ఇదే దగ్గరి దారి అంటాను.

ఎత్తే పవిత్రమైతే, ఓపెన్‌కాస్ట్‌ గనుల మట్టితో మేం పోసిన గుట్టలకూ జనం మొక్కాలి కదా! 1956 అక్టోబర్ 16న అంబేద్కర్ చంద్రపూర్‌లో బౌద్ధ దీక్ష ఇచ్చింది చదును నేల మీదే. ఏటా ఆ రోజుల్లో జనం అక్కడికి వస్తూనే ఉన్నారు. మోకాళ్లు అరిగి గుట్టెక్కలేని మా అమ్మకు యాత్రాఫలం దక్కదని ఎవరన్నా నేను ఒప్పుకోను.