సూసన్న ముసుగు తీయించిన కళ్లు



దానియేలు గ్రంథం 13వ అధ్యాయం మన కతోలిక బైబులులో ఉన్నది గాని, ప్రొటెస్టెంటు సోదరుల బైబులులో కనిపించదు. తపస్సుకాలం ఐదవ వారం సోమవారం నాటి పూజలో ఆ కథను మనం వింటాము. బబులోనులో యోవాకీము భార్య సూసన్న దైవభీతి గల ఇల్లాలు. న్యాయాధిపతులుగా ఉన్న ఇద్దరు పెద్దలు ఆమె తోటలో నడిచే వేళకు ప్రతిరోజూ కాచుకొని కూర్చునేవారు. పరలోకం వైపు చూడకుండా తమ చూపును తామే మళ్లించుకొన్నారని గ్రంథకర్త వారి గురించి వ్రాశాడు. కోరిక నెరవేరకపోయేసరికి ఆమె మీద వ్యభిచార నేరం మోపారు. పడుచువాడైన దానియేలు ఆ ఇద్దరినీ విడివిడిగా నిలబెట్టి, ఏ చెట్టు క్రింద చూచారో చెప్పమని అడిగి వారి అబద్ధాన్ని బయట పెట్టిన సంగతి మీకు తెలిసినదే.

ఈ కథలో మనం తరచు దాటిపోయే వాక్యం ఒకటున్నది. అది 32వ వాక్యం. సూసన్నను సభకు తీసుకొని వచ్చినప్పుడు ఆమె ముసుగు వేసుకొని ఉన్నది. ఆ పెద్దలు దాన్ని తీసివేయమని ఆజ్ఞాపించారు. విచారణకు దానితో ఏమీ పనిలేదు. ఆమె అందాన్ని మరొకసారి కళ్లారా చూడాలన్నదే వారి ఉద్దేశం. చుట్టూ ఆమెవారందరూ ఏడుస్తున్నారు. ప్రాణం పోయే వేళ కూడా ఆ ఇద్దరికీ ఆమె ఒక దృశ్యమే.

ఈనాడు మన ఇళ్లల్లో, మన పిల్లల చేతుల్లోని ఫోనుల్లో ఆడే పాప్ సంగీత వీడియోలను చూచినప్పుడల్లా నాకు ఆ పెద్దలు గుర్తుకు వస్తారు. ఆడిపాడే అమ్మాయిలు కాదు, ఆ పెద్దలు.

అమెరికాలో 1981 ఆగస్టు 1న ఎంటీవీ ప్రారంభమైంది. పదేళ్లకు, 1991లో, స్టార్ టీవీ ద్వారా అది మన దేశానికి వచ్చింది. డిష్ యాంటెన్నాలు కొత్తగా లేస్తున్న ఆ రోజులు మీలో కొందరికి జ్ఞాపకముంటాయి. సంగీత వీడియో అనేది అసలు క్యాసెట్టు అమ్ముకోవడానికి కంపెనీలు తయారుచేసిన ప్రకటన. మొదట్లో కంపెనీలు వాటిని ఆ ఛానలుకు ఉచితంగానే ఇచ్చేవి. సబ్బు ప్రకటనకు, పాట ప్రకటనకు లక్ష్యం ఒక్కటే: చూపును నాలుగు నిమిషాలు కదలకుండా పట్టుకోవడం. అందుకు వారు కనిపెట్టిన అతి చవకైన ఉపాయం స్త్రీ శరీరం. కెమెరా ఆమె కాళ్ల దగ్గర మొదలై, నడుము మీద ఆగి, పెదవుల దగ్గర మళ్లీ ఆగుతుంది. ముఖం చివరికి వస్తుంది, ఒక్కొక్కసారి రానేరాదు. పాడే మగవాడు మెడదాకా బట్టలు వేసుకొని నిలబడతాడు. అతని చుట్టూ పదిమంది అమ్మాయిలు అరకొర బట్టలతో తిరుగుతుంటారు. వారికి పేరు లేదు, మాట లేదు, కథ లేదు. మాంసం దుకాణంలో కొక్కేలకు వ్రేలాడే ముక్కలకైనా ఇది కాలు, ఇది తొడ అని ఒక లెక్క ఉంటుంది!

ఇది పాశ్చాత్యుల జాడ్యమని చేతులు దులుపుకోవడానికి వీలులేదు. మన తెలుగు సినిమాలో ఇటువంటి పాటకు మనం పెట్టుకొన్న పేరు 'ఐటమ్ సాంగ్'. ఐటమ్ అంటే వస్తువు. పేరులోనే సంగతంతా ఒప్పుకొన్నాము.

అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో సట్ జాలీ అనే ఆచార్యుడు 1990 ప్రాంతంలో ఒక పని చేశాడు. తన విద్యార్థుల కోసం ఎంటీవీ వీడియోల నుండి ముక్కలు తీసి, వాటి పాటలను తొలగించి, తన వ్యాఖ్యానం జోడించి 'డ్రీమ్‌వరల్డ్స్' అనే చిత్రం తయారుచేశాడు. పాట పోయేసరికి బొమ్మ మాత్రమే మిగిలింది. రాగం మాయలో కనిపించనిది అప్పుడు కనిపించింది. వందలాది పాటల్లో స్త్రీ చేసేది ఒక్కటే పని, చూడబడడానికి కాచుకొని ఉండడం. దావా వేస్తామని ఎంటీవీ ఆయన్ను బెదిరించింది. ఆయన వెనక్కు తగ్గలేదు. ఆ చిత్రాన్ని తరువాత రెండుసార్లు కొత్త పాటలతో తిరగవ్రాయవలసి వచ్చిందంటే జబ్బు ఎంత ముదిరిందో ఊహించుకోండి.

అన్ని వీడియోలూ ఒకటేనా? కాదు. 1990లో ఐర్లాండు గాయని షినేడ్ ఓకానర్ పాడిన 'నథింగ్ కంపేర్స్ టు యు' వీడియోను మీలో సంగీతం ఎరిగినవారు చూచే ఉంటారు. పాట ప్రిన్స్ అనే అమెరికా గాయకుడు వ్రాసినది. చీకటి వెనుక తెరగా, మెడదాకా నల్లని దుస్తుల్లో, గుండు చేయించుకొన్న ఒక యువతి ముఖం. మధ్య మధ్య ప్యారిస్ ఉద్యానవనంలో ఆమె నడిచే దృశ్యాలు కొద్దిగా ఉన్నాయి. మిగిలినదంతా ముఖమే. పాటలో తల్లి ప్రస్తావన వచ్చేచోట ఆమె కంటినుండి నీరు కారుతుంది. ఆమె తల్లి 1985లో కారు ప్రమాదంలో మరణించింది. చిన్ననాట తనను కొట్టి హింసించిన తల్లి ఆమె, అయినా ఆ తల్లి కోసమే ఆ కన్నీరు. ఆ సంవత్సరం ఎంటీవీ వారి ఉత్తమ వీడియో బహుమానం దానికే వచ్చింది. ఒక మహిళా కళాకారిణికి ఆ బహుమానం రావడం అదే మొదటిసారి. కాబట్టి జనం చూడరు, అమ్ముడుపోదు అనే కంపెనీల వాదం బూటకం. కోట్లాదిమంది ఒక స్త్రీ ముఖాన్ని చూచి కంటతడి పెట్టారు.

ఆ గుండు వెనుక కూడా ఒక కథ ఉన్నది. జుట్టు పెంచుకో, పొట్టి గౌన్లు వేసుకో, ఆడపిల్లలా కనిపించు అని రికార్డు కంపెనీ పెద్దలు ఆమెకు సలహా ఇచ్చారు. ఆమె తిన్నగా మంగలి దుకాణానికి వెళ్లి గుండు చేయించుకొన్నది. అదే రోజుల్లో గర్భవతి అయినప్పుడు, ఆ బిడ్డను వద్దనుకోమని కంపెనీ తరఫు వైద్యుడు తనను ఒప్పించజూచాడని ఆమె 2021లో వెలువడిన తన ఆత్మకథలో చెప్పుకొన్నది. ఆమె బిడ్డను కన్నది. శరీరాన్ని సరుకుగా చూచే కంటికి అందులో పెరిగే పసిగుడ్డు అడ్డంకిగానే కనిపిస్తుంది. శ్రీసభ ఈ రెండు సంగతులనూ ఎందుకు ఒకేచోట మాట్లాడుతుందో అర్థం కానివారు ఇక్కడ ఆగి ఆలోచించాలి.

"ఫాదరుగారూ, ఆవిడే కదా పోపుగారి ఫోటో చింపింది!" అని మీలో కొందరు అడుగుతారని నాకు తెలుసు. అవును, ఆమే. 1992 అక్టోబరు 3న అమెరికా టీవీలో, పునీత రెండవ జాన్‌పాల్ జగద్గురువుల చిత్రాన్ని చింపివేసింది. ఆ చేష్ట నా మనసును నొప్పించింది, ఇప్పటికీ నొప్పిస్తున్నది. అయితే ఆమె ఎందుకు చింపింది? శ్రీసభ సంస్థల్లో పసివారిపై జరిగిన అత్యాచారాలను ఎవరూ వినడంలేదని. 2009లో ఐర్లాండు ప్రభుత్వ నివేదికలు వెలువడ్డాక ఆ అత్యాచారాలు నిజమని లోకానికి తెలిసింది. 2010 మార్చి 19న పదహారవ బెనెడిక్టు జగద్గురువులు ఐర్లాండు విశ్వాసులకు లేఖ వ్రాసి, ఆ పసివారు పడిన బాధకు విచారం తెలిపారు. చింపిన చేతులను మెచ్చుకోనక్కరలేదు. కాని ఆమె చెప్పిన నిజాన్ని కాదనడం మనకు తగదు. 2018లో ఆమె ఇస్లాం స్వీకరించింది, 2023 జూలైలో మరణించింది. కన్యస్త్రీలు నడిపే సంస్థలో ఆమె పెరిగిన రోజుల్లో గిటారు కొనిచ్చినది కూడా ఒక కన్యస్త్రీయేనట. దేవుడు ఏ దారిన ఎవరిని నడిపిస్తాడో!

2013లో మైలీ సైరస్ అనే ఇరవై ఏళ్ల గాయని 'రెకింగ్ బాల్' అనే వీడియో చేసింది. చిన్నప్పుడు డిస్నీ వారి టీవీ ధారావాహికలో పిల్లలకు ఇష్టమైన నటి. షినేడ్ వీడియోయే తనకు స్ఫూర్తి అని చెప్పింది. నిజమే, మొదట ముఖం కనిపిస్తుంది, కన్నీరూ కనిపిస్తుంది. కాని కాసేపటికే గోడలు కూల్చే ఇనుప గుండు మీద ఆమె వివస్త్రయై ఊగుతుంది. మొదటి 24 గంటల్లోనే కోటీ 90 లక్షలసార్లు చూచారు. అప్పుడు షినేడ్ ఆమెకు బహిరంగ లేఖ వ్రాసింది. నీ మేలు కోరి తల్లి మనసుతో చెబుతున్నాను, ఈ వ్యాపారం నిన్ను వాడుకొని నీకే అది నీ ఇష్టమన్నట్లు నమ్మిస్తున్నది అన్నది దాని సారాంశం. చిన్నది ఎగతాళి చేసింది. 2014లో ఉత్తమ వీడియో బహుమానం 'రెకింగ్ బాల్'కే వచ్చింది. ఇరవై నాలుగేళ్లలో అదే బహుమానం ఒక ముఖం దగ్గర నుండి ఎక్కడికి చేరిందో చూడండి.

ఆ అమ్మాయిని తిట్టడానికి నేనిది వ్రాయడం లేదు. ఆ బహుమానం అందుకోవడానికి ఆమె ఇల్లువాకిలి లేని ఒక యువకుణ్ణి వేదిక మీదికి పంపి, వీధుల్లో బ్రతికే యువతీయువకుల తరఫున మాట్లాడించింది. ఆమెలో అంత హృదయమున్నది. 2017లో తానే అన్నది: ఎన్ని చేసినా లోకం నన్ను ఆ గుండు మీది అమ్మాయిగానే గుర్తుపెట్టుకొంటుందని. ఆ హృదయాన్ని ఎవరూ చూడలేదు. వారు చూచింది వేరు.

"ఆమె ఇష్టపడే చేసింది కదా, మధ్యలో మీకెందుకు?" అనే ప్రశ్న వస్తుంది. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో జర్మనీ తాత్త్వికుడు కాంటును బట్టీపట్టాము. మనిషిని కేవలం సాధనంగా వాడరాదని ఆయన 1785లో వ్రాశాడు. ఎదుటివారినే కాదు, తనను తాను కూడా అలా వాడుకోరాదన్నాడు. రెండవ జాన్‌పాల్ జగద్గురువులు సహాయ మేత్రాణులుగా ఉన్ననాడే, 1960లో అచ్చయిన 'ప్రేమ, బాధ్యత' అనే గ్రంథంలో దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయారు. ఇద్దరూ సమ్మతించినంత మాత్రాన వాడుకోవడం ప్రేమ అయిపోదు. వ్యక్తికి తగిన స్పందన ప్రేమ ఒక్కటే. తరువాత 1981 ఏప్రిల్, మే నెలల్లో, తమ బుధవారపు ఉపదేశాల్లో కళలో మానవ శరీరం గురించి మాట్లాడుతూ, ఫోటోలో, సినిమాలో శరీరం ఎవరిదో తెలియని అనామక వస్తువుగా మారిపోయే ప్రమాదమున్నదని హెచ్చరించారు. చిత్రించేవాడికీ, చూచేవాడికీ కూడా బాధ్యత ఉన్నదన్నారు. ఎంటీవీ ఆ తరువాత మూడు నెలలకు పుట్టింది.

చూచేవాడి బాధ్యత! అక్కడే మనం తప్పించుకొంటాము. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు కామపు చూపును గురించి చెప్పినప్పుడు, స్త్రీని దాచిపెట్టమనలేదు. చూచేవాడి కన్ను పెరికి పారవేయమన్నారు. లూకా 7లో పరిసయ్యుడైన సీమోను ఇంట, పాదాలమీద పడి ఏడుస్తున్న స్త్రీని సీమోను అప్పటికే చూచాడు, ఎటువంటిదో తీర్పు కూడా చెప్పుకొన్నాడు. అయినా ప్రభువు ఆమెవైపు తిరిగి, ఆమెను చూడమని అతనికి మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఆమె చేసిన ఒక్కొక్క పనినీ, నీళ్లు, ముద్దు, సుగంధతైలం, విడమరచి చూపించారు. అతను చూచినది పాపిని. ప్రభువు చూపించినది ప్రేమించే మనిషిని.

మన కుటుంబాల్లో ఏం జరుగుతున్నది? ఆడపిల్ల ఫోను తల్లి దిండు క్రింద ఉంటుంది. మగపిల్లవాడి ఫోను అర్ధరాత్రి దాటినా అతని చేతిలోనే ఉంటుంది. అక్క ఓణీ సరిచేసుకోమని అరిచే తండ్రి, తమ్ముడు ఏమి చూస్తున్నాడో అడగడు, అడిగితే తన ఫోను సంగతి వస్తుందని జంకు. ఇది సూసన్నకు కాపలా పెట్టి పెద్దలను తోటలో వదిలిపెట్టడమే.

నాట్యమే పాపమని కూడా అనవద్దు. ఎర్రసముద్రం దాటాక అహరోను సోదరి మిర్యాము తంబుర పట్టి స్త్రీలందరితో కలిసి నాట్యం చేసింది. పరమగీతం మన బైబులులోనే ఉన్నది. శరీరం దేవుడు చేసినది, పవిత్రాత్మ ఆలయం. ఆడపిల్లల గొంతు, అడుగు, నవ్వు అణచివేయమని నేను చెప్పడం లేదు. కాని విచారణ పండుగనాటి రాత్రి, దివ్యసత్ప్రసాద ప్రదక్షిణ ముగిసిన గంటకే, మొన్ననే ప్రథమ సత్ప్రసాదం తీసుకొన్న ఎనిమిదేళ్ల పాప చేత ఐటమ్ పాటకు నడుము త్రిప్పించి, ముందు వరుసలో కూర్చున్న మేనమామలు ఈలలు వేస్తుంటే, తల్లి దాన్ని ఫోనులో తీయడం నేను చూచాను. ఆ పాపకు దాని అర్థం తెలియదు. పెద్దలందరికీ తెలుసు.

యువతీయువకుల కూటమిలో ఈ మధ్య ఒక చిన్న ప్రయత్నం చేశాము. ఆ ఆచార్యుడి పద్ధతినే, వారే ఎంచుకొన్న ఒక పాటను శబ్దం ఆపివేసి తెరమీద వేశాము. మొదట నవ్వులు. నిమిషం గడిచాక నవ్వులు ఆగాయి. ఆమె ముఖం ఎన్ని క్షణాలు కనిపించింది, ఆమె ఏమి చెప్పదలచింది, ఆ స్థానంలో మన చెల్లెలు ఉంటే ఎవరికి ఏమనిపిస్తుంది అని అడిగాను. మగపిల్లల్లో ఒకరిద్దరు తల దించుకొన్నారు. అమ్మాయిలు మాత్రం చాలాసేపు మాట్లాడారు. బస్సుల్లో, కాలేజీ దారుల్లో తమ మీద పడే చూపుల గురించి. ఆ మాటలు వినడానికి వారి అన్నలకు అంతకుముందు ఎన్నడూ అవకాశం రాలేదు. ఇంటివద్ద కూడా ఈ పని చేయవచ్చు, ఖర్చేమీ లేదు, సాయంకాల జపమాల అయ్యాక పది నిమిషాలు చాలు. తండ్రి తప్పక కూర్చోవాలి.

ఇక పండుగ కార్యక్రమం సంగతి. ఈ యేడు పాటల ఎంపికను పిల్లలకు నేర్పే డాన్సు మాస్టరుకు వదలక, మహిళా సంఘం వారూ, జ్ఞానోపదేశం చెప్పే సిస్టర్లూ ముందుగా విని, వీడియో చూచి నిర్ణయించాలని విచారణ సంఘంలో తీర్మానించాము. జానపదాలున్నాయి, కోలాటమున్నది, మన క్రీస్తు గీతాలున్నాయి. పేర్లు ఇవ్వదలచినవారు ఆదివారం రెండవ పూజ తరువాత కార్యాలయంలో సిస్టరుగారిని కలవండి. మగపిల్లల పేర్లు కూడా ఇవ్వండి.