దిద్దవచ్చునా?

మా పెద్దమామను నేను చూడలేదు. నేను పుట్టకముందే పోయినాడు. ఆయన మిగిల్చిపోయినవాటిలో అటక మీది నల్లని కంప్యూటర్ ఒకటి, ఒక క్యాసెట్ ఒకటి. ఆ కంప్యూటర్ పేరు డీబీ స్పెక్ట్రమ్. ఇంగ్లండులో సింక్లెయిర్ కంపెనీ 1982లో తెచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌నే, 1980ల చివర పూణేలోని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ మన దేశంలో ఆ పేరుతో అమ్మింది. 48 కిలోబైట్ల మెమరీ, 3.5 మెగాహెర్ట్జ్ వేగం. తెర కావాలంటే ఇంటి టీవీకే తగిలించాల. ప్రోగ్రాములు పాటల క్యాసెట్లోనే దాచుకోవాల.

అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమె కోసం పెద్దమామ ఒక ఆట రాసినాడంట. పైనుంచి మామిడికాయలు రాలతాయి, కింద బుట్టతో పట్టాల. అంతే.

పోయిన సంక్రాంతికి హోసూరు నుంచి చిన్నమామ వచ్చినాడు. పాత యంత్రానికి దుమ్ము దులిపి కరెంటు ఇస్తే లేవలేదు. "బాగుచేసేకన్న మళ్ళీ పుట్టించేది సులభం" అని సంచిలోనుంచి అరచేయంత బోర్డు తీసినాడు. దాని మీద ఉండేది ఎఫ్‌పీజీఏ అనే చిప్. మామూలు చిప్ ఏ పనికి పుడితే చచ్చేదాకా అదే పని. దీంట్లో అయితే వేలకొద్దీ చిన్న చిన్న లాజిక్ గడులు ఉంటాయి. ఏ గడి ఏం చేయాల, దేనితో కలవాల అని మనం రాసి ఎక్కిస్తే ఆ సర్క్యూటుగా మారతాది. కరెంటు తీస్తే అంతా మరచిపోతాది. (మా వీధిలో కరెంటు పోయే తీరు తెలిసినవాళ్లకు ఇది పెద్ద వేదాంతమే.)

నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. అసలు స్పెక్ట్రమ్‌లో తెరకు బొమ్మ పంపే చిప్, జెడ్80 ప్రాసెసర్ ఒకే మెమరీని పంచుకుంటాయి. బొమ్మ చిప్ చదివేటప్పుడు ప్రాసెసర్ కాసేపు ఆగాల. అది లోపమే. కానీ ఆ ఆగడాన్ని లెక్క వేసుకుని రాసిన ఆటలు ఉన్నాయి. అందుకని ఎఫ్‌పీజీఏలో మళ్ళీ కట్టినవాళ్లు ఆ ఆగడాన్ని కూడా కొలిచి కట్టినారు. ఇంకొందరు 2017లో జనం దగ్గర డబ్బు పోగుచేసి, 28 మెగాహెర్ట్జ్ దాకా పరిగెత్తే స్పెక్ట్రమ్ నెక్స్ట్ మొదలుపెట్టినారు.

చిన్నమామ ఎక్కించింది ఆ నెక్స్ట్ డిజైన్‌నే. క్యాసెట్ కీచుకీచుమని, మూడోసారికి ఆట లోడైంది. 28లో పెడితే కాయ కనపడేలోపే నేల తాకింది. 3.5కు దించి, వంటింట్లోనుంచి అమ్మను పిలిచినాడు. అమ్మ చాలాసేపు ఆడింది, ఏమీ మాట్లాడలేదు.

తర్వాత నేను ఆడినాను. బుట్ట కుడి అంచుకు పోయి నిలిచింది.

"ఇదేంది, ఆట ఆగిపోలేదే?" అన్నది అమ్మ.

తెరలో అడ్డంగా 32 గళ్లే. పెద్దమామ రాసినదాంట్లో బుట్ట అది దాటితే, సంఖ్య హద్దు దాటిందని తప్పు చూపి ప్రోగ్రామ్ ఆగిపోయేదంట. అమ్మ వచ్చేలోపే చిన్నమామ ఒక వరుస చేర్చి సరిచేసినాడు.

"తప్పే కదక్కా, రెండు నిమిషాల పని."

"అన్న నా పక్కన కూర్చుని 'అంచుకు పోవద్దు పాపా' అనేవాడురా" అని అమ్మ లేచి వెళ్ళిపోయింది.

పోయినవాళ్ల తప్పును దిద్దే హక్కు ఎవరికి ఉంది? చిన్నమామ పక్కన కూడా న్యాయం ఉంది. పెద్దమామ బతికుంటే తానే దిద్దేవాడేమో. ధర్మపురి మ్యూజియంలో వీరగల్లులు చూసినాను. అక్షరాలు అరిగిపోయినా ఎవరూ మళ్ళీ చెక్కరు. గుడి గోపురానికి మాత్రం కుంభాభిషేకానికి కొత్త రంగు వేస్తారు, దాన్ని ఎవరూ తప్పనరు. రాయి చూసేది, గుడి జనం వాడేది. మరి ఆట ఏ లెక్క? నా వ్యాసంలో "ఉండాది" అని రాస్తే సార్ "ఉంది" అని దిద్దుతారు, నాకేం కోపం రాదు. అదే మాట మా అవ్వ అంటే దిద్దడానికి నాకు నోరు రాదు.

దిద్దడం తప్పు కాదనే నాకు తోస్తుంది. చెప్పకుండా దిద్ది, ఇది అన్న ఆటే అని అమ్మ ముందు పెట్టడం తప్పు. అయితే ఇంకో చిక్కు ఉంది. యంత్రంలో ఒక్క తీగ కూడా పాతది కాదు, దానికి అమ్మ ఏమీ అనుకోలేదు. ఒక్క వరుస మారితే మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఎందుకని అడిగితే, "మిషన్‌ను వాడు చేయలేదు కదా" అన్నది.

ఇప్పుడు రెండు ఆటలూ ఉన్నాయి. చిన్నమామ కొడుక్కు దిద్దినది. మేము క్యాసెట్లోది ఆడతాము. నా బుట్ట కుడిపక్కకు జరిగితే చాలు, వంటింట్లోనుంచే అమ్మ "అంచు, అంచు!" అంటాది. నిన్న కావాలనే దాటించినాను. ఆగిపోయింది.