పేరులేని నేరము

కర్మాగారముల పనికై వచ్చి గోల్‌మురిలో స్థిరపడిన తెలుగువారిలో నేనొకడను. 1979 ఏప్రిలులో, నాడు బీహారులోనిదైన ఈ జంషెడ్‌పూరున, శ్రీరామనవమి ఊరేగింపు వేళ చెలరేగిన మతకలహమున నూరుగురికి పైగా మరణించిరి. హత్యను శిక్షించు చట్టము అప్పుడును కలదు. అది చాలదా? వేరొక నేరమునకు వేరొక పేరెందుకు?

హత్యాచట్టము ఈ చేయి ఈ మనిషిని చంపెనా అని అడుగును. కాని ఒక సముదాయమును, అది ఆ సముదాయమైనందుననే నాశనము చేయ సంకల్పించినపుడు, ఆ సంకల్పమే ప్రధాన నేరము. ఒక్కొక్క హత్యను విడివిడిగా లెక్కించినచో, వెనుకనుండి నడిపించినవాడు లెక్కలోనికి రాకపోవచ్చును. 1948 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక దీనికి జాతిసంహారమని పేరుపెట్టి, తగిన చట్టములు చేయుడని రాజ్యములను కోరినది. భారతదేశము 1949లో సంతకము చేసి, 1959లో ధ్రువీకరించినది.

అయితే మన దేశమున ఒడంబడిక తనంత తానుగా శిక్షాస్మృతి కాజాలదు. పార్లమెంటు శాసింపవలెను, రాజ్యాంగపు 253వ అధికరణము అందుకు అధికారమిచ్చినది. జెనీవా ఒడంబడికలకై 1960లో చట్టము చేసితిమి. జాతిసంహారమునకు చేయలేదు. 1984 నాటి సిక్కుల హత్యలకు సంబంధించిన ఒక తీర్పులో ఢిల్లీ హైకోర్టు 2018లో ఈ లోపమును ఎత్తిచూపినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు దీనిని పూరింపలేదు.

అంతర్జాతీయ న్యాయము విజేతల న్యాయమే కదా అని కొందరందురు. 1948లో టోక్యో న్యాయస్థానమున రాధావినోద పాల్ లేవనెత్తిన సందేహమిట్టిదే, తోసివేయదగినది కాదు. కాని అది న్యాయమూర్తిని గూర్చిన సందేహము. నేరము లేదనుట కాదు. పరాయి పీఠమును నమ్మనివాడు స్వగృహముననే పీఠమును నిలుపుకొనవలెను.

1979 నాటి ఘటనను జాతిసంహారమని నేననుట లేదు. అది సాక్ష్యములు తేల్చవలసిన మాట. పైగా చేసిననాడు నేరముకాని పనికి తరువాత శిక్ష విధింపరాదని 20వ అధికరణము శాసించుచున్నది. కనుకనే ఇట్టి చట్టమును శాంతి దినములలోనే చేసికొనవలెను. పేరు పెట్టినంతనే నేరము ఆగదు. దర్యాప్తు చేయువాని నిజాయితీయు, తీర్పు చెప్పువాని ధైర్యమును కావలెను. కాని పేరే లేనిచో ఆ నిజాయితీకి పట్టు దొరకదు.

అనువాదకునిగా నాకిట్లు తోచును: ఒడంబడికపై సంతకముచేసి చట్టము చేయకుండుట, మూలమును మెచ్చి అనువదింపక అటకపై ఉంచుట వంటిది. మూలభాష రానివానికి ఆ మెప్పువలన ఫలమేమి? బాధితునికి తెలిసినది తన ఊరి ఠాణాభాష, తన ఊరి కచేరీభాష. న్యాయము ఆ భాషలో అతని గడపకు రావలెను.