తల వెనక మొహం

2024 నవంబరు 29న కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న యువతిని పెద్దపులి చంపింది. మర్నాడే సిర్పూర్ (టి) మండలంలో ఒక రైతు మీద పడింది. ఆ తర్వాత అటవీశాఖ వాళ్లు చేన్లలో పనిచేసేవాళ్లకి మనిషి మొహం ఉన్న మాస్కులు పంచారు. పెట్టుకోవాల్సింది ముందు కాదు, తల వెనక. పులి చాటుగా వెనక నుంచి వస్తుంది, తనని చూస్తున్నారనుకుంటే ఆగుతుందని లెక్క. 1980ల్లో సుందర్‌బన్స్‌లో వాడిన ఉపాయమే. కొన్ని సీతాకోకచిలుకల రెక్కల మీద కళ్లలాంటి మచ్చలుంటాయి కదా, అలాంటిది.

ఫోటో చూసి ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది.

చుక్కల దుప్పి పులిని పసిగడితే కూత పెడుతుంది. చెట్టు మీద కొండముచ్చు ఉంటే అది ఇంకా ముందే చూసి అరుస్తుంది. ఆ అరుపు తోటివాటికే కాదు, పులికి కూడా: నిన్ను చూసేశాం, ఇక దాక్కుని లాభం లేదు అని. కానీ ఈ జాగ్రత్త ఊరికే రాదు. తలెత్తి చూస్తున్నంతసేపు దుప్పి మేయలేదు. మరీ భయపడితే చిక్కిపోతుంది, మరీ మేస్తే దొరికిపోతుంది.

పత్తి ఏరే మనిషిదీ అదే కథ. కూలి కిలోకింత. నడుం వంచితే వెనకేముందో కనబడదు, నిలబడి చుట్టూ చూస్తే ఆ మేరకు కూలి తగ్గుడే. దుప్పికి పారిపోయే వీలన్నా ఉంది. చేను పారిపోదు.

పులి మనిషిని చంపితే పరిహారం ఉంది, పశువుని చంపితే పరిహారం ఉంది. పులి ఎవర్నీ ముట్టని రోజున, భయంతో ఆలస్యంగా పోయి పొద్దుగూకకముందే ఇల్లు చేరిన మనిషి ఏరలేకపోయిన పత్తి ఏ ఖాతాలోనూ లేదు. "అడవిలోకి వాళ్లే పోయారు కదా" అనేవాళ్లుంటారు. పులి ఆనవాళ్లు ఊరి చేన్లలో కనబడుతుంటే ఆ మాట ఎంతవరకు నిలుస్తుంది?

మహారాష్ట్ర నుంచి వచ్చిన ఫాల్గుణ అనే ఆడపులి కాగజ్‌నగర్ అడవుల్లో పిల్లల్ని పెట్టిందని చదివి నేనూ మురిసిపోయినవాణ్ణే. పులి ఉండాలనే ఇప్పటికీ అంటాను. ఆ మురిపెం నాకు ఉచితంగా వచ్చింది, అదే ఇబ్బంది.

మంద పెద్దదైతే ఒక్కో దుప్పీ తలెత్తాల్సిన సార్లు తగ్గుతాయి. చేనులోనూ పదిమందికి ఒకరు ఏరకుండా కాపలా నిలబడొచ్చు. ఆ ఒకరి కూలి మిగతా తొమ్మిదిమంది పంచుకోవాలా? నాలాంటోళ్లు ఇవ్వాలంటాను. ఎట్లా వసూలు చెయ్యాలో మాత్రం ఇంకా తేలలేదు.