అద్దెకు పోని యిల్లు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిన మాటకు నేటి పట్టణములలో మూడవదానిని కూడ చేర్చుకొనవలసి యున్నది: కట్టిన యింటిని అద్దెకిచ్చి చూడుము. ఇరువది ముప్పది యేండ్లు ఉద్యోగము చేసి కూడబెట్టిన సొమ్ముతోనో, బ్యాంకులో తెచ్చిన యప్పుతోనో ఒక మధ్యతరగతి కుటుంబము తాముండు ఇంటికి తోడు మఱియొక యింటిని సంపాదించును. పిల్లల చదువునకో, తమ ముసలితనమునకో ఆ యద్దె యాధారమగునని వారి యాశ. గోడకు టూలెట్ బోర్డు వ్రేలాడును. నెలలు గడచును. వచ్చినవారు చూచి, మరల వత్తుమని చెప్పి, మరల రారు. అప్పు వాయిదా మాత్రము నెలనెలకు తప్పక వచ్చును. ఇట్టి యజమానుని దుఃఖము నిజమైనదే. దానిని మేము పరిహసింపము. కాని యీ చిక్కులో లెక్కకు సంబంధించిన ప్రశ్నతోపాటు ధర్మమునకు సంబంధించిన ప్రశ్న యొకటి దాగి యున్నది. ఆ రెండవదానిని గూర్చియే మేమిచ్చట విచారింపదలచినాము.

2011 జనాభా లెక్కలలో మన దేశపు పట్టణములలో సుమారు 1 కోటి 11 లక్షల యిండ్లు ఖాళీగా నున్నట్లు తేలినది. మరుసటి సంవత్సరము కేంద్రప్రభుత్వపు నిపుణుల సంఘమొకటి పట్టణములలో సుమారు 1 కోటి 88 లక్షల యిండ్ల కొరత కలదని నిర్ణయించినది. ఆ కొరతలో నూటికి 95 పాళ్లకు మించి పేదలది, స్వల్పాదాయము గలవారిది. ఒకవైపున మనుష్యులు లేని యిండ్లు, మఱియొకవైపున ఇండ్లు చాలని మనుష్యులు! ఖాళీ యిండ్లన్నియు పేదలకు అందుబాటులో నుండునవి కావు. కొన్ని అమ్ముడుపోనివి, కొన్ని యద్దెకే పెట్టనివి. అయినను ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచి చూచినప్పుడు, మా యిల్లు మా యిష్టము అను మాట ఎంతవరకు చెల్లునో ఆలోచింపక తప్పదు.

బంగారము పెట్టెలో నున్నను బంగారమే. బ్యాంకులో వేసిన సొమ్ము ఎవరి ముఖమును చూడకయే వడ్డీ తెచ్చును. ఇల్లు అట్టిది కాదు. మనుష్యులు మసలని యింటికి చెమ్మ పట్టును, చెద పట్టును, తలుపులు బిగిసికొనును. మనుష్యుడు చేరినగాని దానికి ఫలము లేదు. కాబట్టి ఇంటిని పెట్టుబడిగా నెంచువాడు తన లాభమునకు మఱియొక మనుష్యుని జీవితమును ఆధారముగా చేసికొనుచున్నాడన్నమాట. వాని వంట, వాని బిడ్డల చదువు, వాని సంతోషము, వాని రోగము, తుదకు వాని మరణము సహితము ఆ గోడల నడుమనే జరుగవలసి యున్నది. అద్దె కావలెను గాని అద్దెకున్నవాని జీవితము వలదనుట, పాలు కావలెను గాని ఆవు వలదనుటవంటిది.

అద్దెకు పోని యిండ్లను పరీక్షించినచో మూడు విధములైన దోషములు కనబడును: ఇంటిలోని దోషము, అద్దెలోని దోషము, యజమానుని మనసులోని దోషము. మొదటిది కంటికి కనబడునది. నాలుగవ యంతస్తు, లిఫ్టు లేదు. వేసవి వచ్చునప్పటికి బోరుబావి యెండును, నీళ్ల ట్యాంకరు కొఱకు కాచుకొని కూర్చుండవలెను. వంటయింటికి వెలుతురు రాదు. వానకాలమున గోడలు చెమ్మగిల్లును. ఇట్టి యింటి యజమానునికి రెండు దారులు కలవు. దోషమును దిద్దుట యొకటి, కప్పిపుచ్చుట యొకటి. చెమ్మగోడకు పైపైన రంగు పూసి, నీటికి కొదువలేదని చెప్పి, అడ్వాన్సు పుచ్చుకొన్నవానిని కొందఱు నేర్పరి యందురు. కాని కాపురము మార్చుట యన నెంత శ్రమ! సామాను మోయించిన కూలి, బిడ్డలకు బడి మార్పు, ప్రతి కార్యాలయమునందును చిరునామా మార్పు. అబద్ధముచే నొక కుటుంబమును రప్పించి మూడు నెలలలో వెళ్లగొట్టినవాడు వారి ధనమును, కాలమును అపహరించినవాడే యగును. దిద్దగల దోషమును దిద్దవలెను. దిద్దరానిదానిని ముందుగా చెప్పవలెను. “వేసవిలో రెండు నెలలు ట్యాంకరు నీరే గతి, ఆ ఖర్చు మేము పెట్టుకొందుము” అని చెప్పిన యజమానుని మాటను తక్కిన విషయములలోను జనులు నమ్ముదురు.

ఈ విషయమున ఇంగ్లండు దేశపు ఆక్టేవియా హిల్ (1838-1912) చేసిన పని నేటికిని ఆలోచింపదగినది. 1865లో జాన్ రస్కిన్ తన ధనముతో లండను నగరపు మేరిల్‌బోన్ ప్రాంతమున, పారడైజ్ ప్లేస్ అనుచోట, పాడుపడిన మూడిండ్లను కొని యామె నిర్వహణమున కప్పగించెను. ఆ చోటికి పేరు స్వర్గము, స్థితి నరకము. పెట్టుబడిపై నూటికి 5 వంతున రాబడి రావలెనని ఏర్పాటు; ఇది దానముగా గాక వ్యవహారముగా నిలిచినప్పుడే యితరులును అనుసరింతురని వారి తలంపు. ఆమె వారము వారము ఇండ్లకు పోయి యద్దె వసూలు చేసెను. మరమ్మతులకు ఏటేట కొంత మొత్తమును ప్రత్యేకించి, అందులో మిగిలినదానిని కాపురమున్నవారు కోరిన సౌకర్యములకే వినియోగించెను. కాబట్టి ఇంటిని పాడుచేయకుండుట కాపురమున్నవారికే లాభమయ్యెను. ఆమె పద్ధతిలో కాఠిన్యము లేకపోలేదు. అద్దె బాకీని సహింపదు. బాకీపడినవారిని ఖాళీ చేయించెను. ఆ పెద్దరికపు ధోరణి నేటివారికి రుచింపదు. అయినను ఇంటిని బాగుచేసినచో కాపురమును, రాబడియు రెండును నిలుచునని ఆమె కార్యరూపమున చూపినది.

రెండవది అద్దెలోని దోషము. ప్రక్కయింటికి వచ్చినంత మా యింటికేల రాదను పంతము దీనికి మూలము. ఒక చిన్న లెక్క వేయుదము. నెలకు 12,000 రూపాయలే కావలెనని పట్టుబట్టి యొక యజమానుడు నాలుగు నెలలు ఇంటిని ఖాళీగా నుంచినచో 48,000 రూపాయలు పోయినవి. మొదటనే 11,000 రూపాయలకు ఒప్పుకొనియుండినచో ఏడాదికి తగ్గునది 12,000 రూపాయలు మాత్రమే. అనగా నాలుగు నెలల పంతమునకు వెల నాలుగేండ్ల తగ్గింపు. ఇంత తెలిసిన లెక్కను చదువుకొన్నవారు సైతము వేయకుండుటకు కారణము, అద్దె తగ్గించుట తమ గౌరవమునకు తగ్గింపని భావించుటయే. మా యభిప్రాయమున అద్దె యనునది యజమానుని అప్పు వాయిదాను బట్టి గాక, ఆ యింటివలన కాపురమున్నవారికి కలుగు సుఖమును బట్టి యుండవలెను. మన అప్పు ఎంతయో వారడుగలేదు. దానిని వారు మోయవలసిన పనియు లేదు.

మూడవది మనసులోని దోషము. ఇది గోడమీద కనబడదు, మాటలో బయటపడును. ఇల్లు కావలెనని ఫోను చేసినవారిని ఎందఱుందురని అడుగకముందే “మీరేమిట్లండీ?” అని యడుగుట మన పట్టణములలో పరిపాటియై యున్నది. కులము నచ్చకున్నను, మతము వేరైనను, “నిన్ననే ఇచ్చివేసితిమి” అను సమాధానము సిద్ధముగా నుండును. మాంసము తినువారికి వలదు. పెండ్లికాని యువకులకు వలదు. ఒంటరిగా నుండి యుద్యోగము చేసికొను స్త్రీకి వలదు. భర్తను కోల్పోయినదానికి వలదు. ఇందఱిని త్రోసివేసిన పిమ్మట ఎవరును వచ్చుటలేదని విచారింతురు. ఇల్లు అద్దెకు పోవుటలేదని చెప్పువారిలో ననేకులు నిజముగా చెప్పవలసినది, మేము ఈయలేదు అని.

చట్టము ఈ విషయమున కొంతదూరము మాత్రమే వచ్చినది. మన రాజ్యాంగపు 15వ అధికరణము దుకాణములలోను, హోటళ్లలోను ప్రవేశమునకు కులమతములు అడ్డురాగూడదని 1950 నుండి శాసించుచున్నది. అద్దె యిండ్లను అందు పేర్కొనలేదు. అస్పృశ్యతను పాటించి యొకరి నివాసమునకు అడ్డుపడుట 1955 నాటి చట్టము ననుసరించి నేరమే. కాని నిన్ననే ఇచ్చితిమను అబద్ధమును ఋజువు చేయుట సులభము కాదు. 2005లో సుప్రీముకోర్టు, పార్శీల గృహనిర్మాణ సహకారసంఘమొకటి తన సభ్యత్వమును పార్శీలకే పరిమితము చేసికొనవచ్చునని తీర్పు చెప్పినది. అమెరికాలో 1968లో పుట్టిన న్యాయమైన గృహవసతి చట్టము జాతి మతములను బట్టి యద్దె నిరాకరించుటను నిషేధించెను. నాలుగు కుటుంబములకు మించని భవనములో యజమానుడే కాపురమున్నచో, ఆ చట్టములోని చాల నిబంధనలనుండి అతనికి మినహాయింపు నిచ్చెను.

ఆ మినహాయింపు సమంజసమా కాదా యను వాదమునుంచి, అందలి భేదమును గ్రహింపుడు. తానుండు ఇల్లు వేఱు, పెట్టుబడికై కొన్న యిల్లు వేఱు. మన వంటయింటికెవరు రావలెనో మనము నిర్ణయించుకొనవచ్చును. సొమ్ము చేసికొనుటకు బోర్డు కట్టినయిల్లు అంగడివంటిది. అంగడి తెరచినవాడు కొనవచ్చినవాని కులమడుగరాదు. పైగా ఆ యింటికి విలువ ఎచ్చటనుండి వచ్చినది? భూమి విలువను పెంచునది యజమానుని శ్రమ గాక సంఘముయొక్క వృద్ధియే యని 1879లో హెన్రీ జార్జి తన గ్రంథమున వాదించెను. ఆయన చెప్పిన మందును ఒప్పుకొనకపోయినను, ఈ మాటను కాదనుట కష్టము. ప్రక్కన బడి వచ్చుటచే, బస్సు వచ్చుటచే, పదిమంది చేరుటచే మన యింటికి అద్దె పెరిగినది. ఆ పదిమందిలో నన్ని కులములవారును కలరు. వారివలన పెరిగిన విలువను పుచ్చుకొని, వారిని గుమ్మముబయట నిలుపుట న్యాయమా?

ఇక మూఢవిశ్వాసములు. వీధిపోటని, దక్షిణపు వాకిలియని, శ్మశానము దగ్గరయని కొన్ని యిండ్లు వెలితిపడును. ఆషాఢమున, శూన్యమాసమున కాపురము మార్చరు గనుక ఆ నెలలలో బోర్డు వ్రేలాడుచునే యుండును. ఇవి నష్టములేగాని పాపములు కావు. వీనికి మించిన ఘోరమొకటి మన పట్టణములలో జరుగుచున్నది. అద్దెకున్నవారిలో నెవరైన ఆసుపత్రిలో మరణించినచో, శవమును ఇంటికి తేనీయని యజమానులు కలరు. కన్నబిడ్డలు తండ్రి శరీరమును వీధిలో గుడారము క్రింద నుంచి, వానలో, ఎండలో ఏడ్చుచు కూర్చుండిన వార్తలు పత్రికలలో పలుమారులు వచ్చినవి. అట్లేల చేసితిరని యజమానునడిగినచో, చావు జరిగిన యింటికి మరల ఎవరును రారను సమాధానము వచ్చును. ఇల్లు అద్దెకు పోదేమోయను భయము మనుష్యుని ఇంతదూరము తీసికొనిపోవును! పదేండ్లు నెలనెల అద్దె చెల్లించినవానికి తుదిగడియలలో నాలుగు గంటలపాటు గడపలోపల చోటులేదనుటకంటె అమానుషమేమున్నది? మన పూర్వులు కాపురమున్న ప్రతి యింటను చావులు జరిగినవి; పుట్టుకలును జరిగినవి. చావులేని యిల్లు కావలెననువాడు మనుష్యులు లేని యింటినే కోరుచున్నాడు. అది అతనికి లభించును కూడ.

యజమానులకు నిజమైన భయములు లేవని మేమనము. వచ్చినవారు అద్దె యెగవేయుదురేమో, ఖాళీ చేయమన్నప్పుడు కోర్టుకెక్కుదురేమో, ఏండ్లతరబడి వ్యాజ్యెము నడచునేమోయని చిన్న యజమానులు, ముఖ్యముగా అద్దెపైననే జీవించు వృద్ధులు భయపడుట సహజము. దానికి మందు కాగితముమీది యొప్పందముగాని కులవిచారణ కాదు. 2021లో కేంద్రమంత్రివర్గము అంగీకరించిన నమూనా అద్దె చట్టము వ్రాతమూలమైన యొప్పందమును తప్పనిసరి చేసి, నివాసగృహములకు అడ్వాన్సు రెండు నెలల యద్దెకు మించరాదని చెప్పినది; ఏ రాష్ట్రమునకా రాష్ట్రము చట్టము చేసికొన్నగాని అది అమలులోనికి రాదు. అయినను మంచి పద్ధతిని పాటించుటకు చట్టము రావలెనని కాచుకొననేల? అద్దె సకాలమున చెల్లింపుమనుట, ఇంటిని పాడుచేయవలదనుట, రాత్రివేళ ప్రక్కవారి నిద్ర చెడగొట్టవలదనుట, ఇవన్నియు న్యాయమైన షరతులు. ఏలయన వీనిని ఏ కులమువాడైనను పాటింపగలడు. పుట్టుకను మార్చుకొమ్మను షరతును ఎవడును పాటింపలేడు. అద్దెకున్నవారికిని ధర్మము కలదు. పరుని యింటిని తన యింటివలె చూచుకొనుట, చెప్పిననాటికి విడిచిపెట్టుట వారి వంతు.

మన యిండ్లలో అద్దెకు వచ్చినవారితో ముందుగా మాటలాడునది తఱచుగా గృహిణులే. పత్రికలు చదివి, సంస్కరణమును మెచ్చుకొను ఇంటిలో ఆ సంస్కరణము నిలుచునో లేదో తేలునది ఆ మొదటి మాటలోనే. ఇల్లు అద్దెకు పోవుటలేదని విచారించు సోదరీమణులకు మేము విన్నవించునది స్వల్పము. గోడను దిద్దింపుడు, అద్దె లెక్కను మరల వేయుడు, అటుపిమ్మట బోర్డు చూచి వచ్చిన కుటుంబమును కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, ఎందఱుందురో, ఏమి పని చేయుదురో, ఎన్నాళ్లుందురో యడుగుడు. మిగిలిన ప్రశ్నను అడుగకుడు.