పేలని తుపాకీ, చెక్కిన బొమ్మ

ఎవర్నీ చంపని తుపాకీకి ఏ పాపమూ అంటదా? కొంతకాలంగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. నేనుంటున్న కనెటికట్‌లో, నాతో పనిచేసి రిటైరైన ఒకాయన పాత కోల్ట్ రివాల్వర్ల నకళ్లు సేకరిస్తాడు. వీటికి తూటాలుండవు. సిలిండర్‌లో ఒక్కో గదిలో తుపాకిమందు పోసి, సీసపు గుండు దిగ్గొట్టి, వెనక చిన్న క్యాప్ తొడగాలి. ఇటలీలో ఊబెర్తి కంపెనీ 1959 నుంచి ఇలాంటివి చేస్తోంది. 1968 నాటి అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో ఇవి పురాతన వస్తువులు, మామూలు తుపాకులు కావు.

"వీటికి రక్తం అంటలేదు, చరిత్రని చేత్తో పట్టుకోవడమే నా సరదా" అంటాడాయన. నిజమే అనుకున్నాను, వీటికి వెల కట్టే పద్ధతి చూసేదాకా. 1971లో కోల్ట్ కంపెనీయే ఊబెర్తి నుంచి విడిభాగాలు తెప్పించుకుని పాత నమూనాల్ని మళ్లీ చేయడం మొదలుపెట్టింది. సేకరించేవాళ్లకి అవంటే మోజు. పెట్టె, కాగితాలు ఉండాలి, ఒక్కసారి కూడా పేల్చి ఉండకూడదు. సిలిండర్ తిప్పితే పడే సన్నటి గీతకి కూడా ధర తగ్గిపోతుంది. ఎవరి చెయ్యీ పడలేదని ఆయన మురిసిపోతుంటే మన పెళ్లి సంబంధాల భాష గుర్తొచ్చి నవ్వొచ్చింది నాకు. అసలు రివాల్వర్ల విషయంలో ఇదంతా తిరగబడుతుంది. ఫలానా యుద్ధంలో ఫలానా సైనికుడి నడుముకి వేలాడిందని రుజువుంటే ధర అమాంతం పెరుగుతుంది. అంటే నకలు కన్యగా ఉండాలి, అసలు మాత్రం యుద్ధం చూసి ఉండాలి! ఆ యుద్ధమే లేకపోతే ఈ నకలు ఎవరికి కావాలి?

1847 నాటి వాకర్ రివాల్వర్ సిలిండర్ చుట్టూ ఒక బొమ్మ ఉంటుంది. గుర్రాల మీద టెక్సాస్ రేంజర్లు కమాంచీలను తరుముతుంటారు. చెక్కింది ఆర్మ్స్‌బీ, కరెన్సీ నోట్ల చెక్కడంపనివాడు. దొంగ నకళ్లకి అడ్డుగా కూడా పనికొచ్చిన ఆ బొమ్మ ఇప్పుడు వాకర్ నకళ్ల మీదా ఉంటుంది. ఆయన నా చేతికి భూతద్దం ఇచ్చి, గీతలెంత స్ఫుటంగా పడ్డాయో చూడమన్నాడు. నాకు తరమబడుతున్నవాళ్లు కనిపించారు. ఆయనకి గీతలే కనిపిస్తాయి. ఆయన క్రూరుడేం కాదు. వెల కట్టే కన్ను అలా అలవాటు పడింది, అంతే.

మగవాళ్ల పిచ్చి అని కొట్టిపారేద్దామా అంటే, ఇక్కడికి దగ్గర్లోని హార్ట్‌ఫర్డ్‌లోనే జవాబుంది. 1862లో శామ్యూల్ కోల్ట్ చనిపోయాక కంపెనీ ఆయన భార్య ఎలిజబెత్ చేతికొచ్చింది. 1864లో ఫ్యాక్టరీ కాలిపోతే మళ్లీ కట్టించింది, 1901 దాకా అమ్మలేదు. భర్త జ్ఞాపకంగా, పోగొట్టుకున్న పిల్లల జ్ఞాపకంగా ఒక చర్చి కట్టించింది. దాని ఒక గుమ్మం రాళ్ల మీద శిలువలతో పాటు రివాల్వర్ భాగాలు చెక్కి ఉన్నాయి. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లికి ఆ రెండూ పక్కపక్కన ఉండటం వింతగా అనిపించలేదు కాబోలు.

మా మిత్రుణ్ణి ఈ సరదా మానుకోమని నేననలేదు. తన సేకరణకి ధరల పట్టిక రాసుకుంటున్నాడు. అందులో బొమ్మ గడిలో 'స్ఫుటం' అని ఉంది. దాని పక్కన, ఎవరు ఎవర్ని తరుముతున్నారో కూడా రాయమన్నాను. అలా రాస్తే ధర పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగాడు.